తొమ్మిదో ముక్క

పోయినవారం మాస్టారిని అద్దం ముందు నిలబెట్టి వదిలేశాను. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం అక్కడిదాకా ఒక్కసారి చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

నేను కట్టుడు పళ్లు చేసేదాన్ని. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపుతారు, నేను వాటికి సరిపోయే సెట్లు చేసి పంపుతాను. ఈ ఊళ్లో సగంమంది నవ్వులు నా చేతుల మీదుగా వెళ్లినవే. అయినా దారిలో ఎదురైతే ఒక్కరినీ గుర్తుపట్టలేను. మొహాలు డాక్టర్లు చూస్తారు, నాకు వచ్చేది అచ్చు మాత్రమే. వయసు యాభై ఆరు. రెండేళ్ల కిందట, లాండ్రీ పైన ఒంటిగదిలో ఉండే మాస్టారి దగ్గర క్లారినెట్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకే ఒక్క పాట కోసం. పన్నెండు ముక్కల పాట అది. ఎనిమిది వచ్చాయి. ఇంతలో మాస్టారి పై పళ్లు కదిలిపోయి, డాక్టరుగారు అన్నీ తీసేశారు. వాటి చోట కొత్త సెట్టు చేసింది నేనే. మాస్టారు దాన్ని పెట్టుకుని, అద్దంలో చూసుకుని, ఇరవై ఏళ్లు తగ్గినట్టు నవ్వారు. ఆ నవ్వుతోనే క్లారినెట్ అందుకుని ఊదారు. గాలి వచ్చింది. స్వరం రాలేదు. మళ్లీ ఊదారు. మళ్లీ గాలే.

"ఈ వారం పాఠం లేదమ్మాయ్," అని తలుపేసుకున్నారు.

ఆ పాట గురించి రెండు మాటలు. నాకు ఏడేళ్లప్పుడు మేమున్న సందులో ఎవరో సాయంత్రంపూట క్లారినెట్ వాయించేవారు. ఏ ఇంట్లోంచో తెలిసేది కాదు, ఆ సందులో ఇళ్లన్నీ వీపులు ఆనించుకుని ఉండేవి. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కిటికీ కింద చల్లటి నేల మీద వాలేదాన్ని. పాట మొదలయ్యేది. ముందు మెల్లగా ఏదో అడుగుతున్నట్టుండేది, తర్వాత మెట్లెక్కేది, ఎక్కడో మేడ మీద కాసేపు ఆగి ఊరంతా చూసేది. అంతవరకే నాకు తెలుసు. ఆ మేడ మీదే నాకు నిద్ర పట్టేసేది. లేచేసరికి దీపాలు పెట్టేసి ఉండేవారు, అమ్మ అన్నానికి పిలుస్తుండేది. రెండేళ్లపాటు రోజూ విని కూడా ఆ పాట చివర నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఇల్లు మారాం. పెళ్లి, పిల్లలు, ప్లాస్టర్ దుమ్ము, అన్నీ అయ్యాయి. పాట మాత్రం ఆ మేడ మీదే ఉండిపోయింది. చచ్చేలోగా దాన్ని మొదట్నుంచి చివరిదాకా, మధ్యలో ఆగకుండా, ఒక్కసారి నా నోటితో వాయించాలి. నాకున్న కోరిక ఇదొక్కటే. చెప్పుకుంటే నవ్వుతారని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు కాగితం మీద రాసివ్వరు. నోటితో పాడి వినిపించరు. ఒక ముక్క వాయిస్తారు, మనం పట్టుకోవాలి. అది నిద్రలో కూడా వస్తుందని నమ్మకం కుదిరితేనే తర్వాతది ఇస్తారు. కాబట్టి ఆయన నోట్లో స్వరం లేకపోతే నాకు పాట లేదు. ఎనిమిదో ముక్క దగ్గర ఆగిపోవాల్సిందే.

అదీ సంగతి. ఇక ఈ వారానిది.

ఆరు రోజులు నేను క్లారినెట్ ముట్టుకోలేదు. నా మొహం చూసి చివరికి మా ఆయనకే జాలేసింది. ఆయన బస్సు డ్రైవరు. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో "తా దూర కంత లేదు, మెడకో డోలు" అని పక్కింటికి వినబడేలా అన్న మనిషి. "హారనైనా నేను అవసరముంటేనే కొడతాను" అని రోజుకోసారి దెప్పేవారు. అలాంటిది, ఆయనే వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏంటి, ఇంట్లో చప్పుడే లేదు. నాకే ఏదోలా ఉంది."

అప్పుడు చెప్పాను. మీకూ చెబుతున్నాను, ఇంతవరకు దాచాను. మాస్టారికి ఎడమవైపు ముందు పన్ను వంకర. తలుపు కొద్దిగా తెరిచి పెట్టినట్టు, పక్కకి తిరిగి, ముందుకి వచ్చి ఉండేది. డాక్టరుగారు చీటీలో స్పష్టంగా రాశారు: ఎడమ ముందు పన్ను మునుపటిలాగే ఉంచాలి, పేషెంటు వాయిద్యం వాయిస్తారు. నేను చదివాను. చదివి, పక్కన పెట్టి, ఆ పన్నుని తిన్నగా అమర్చాను.

"డాక్టరు రాసినా సరే?" అన్నారు మా ఆయన.

"వంకర కనబడితే నా చెయ్యి ఊరుకోదండీ. ముప్ఫై ఏళ్ల అలవాటు. పైగా మాస్టారు నవ్వేటప్పుడు చేత్తో నోరు మూసుకుంటారు. పాపం, ఇకనైనా హాయిగా నవ్వుతారు కదా అనుకున్నాను."

"వెళ్లి చెప్పెయ్. దారి తప్పామని తెలిశాక ఇంకా ముందుకి పోనిస్తే, అంత దూరమూ వెనక్కి రావాల్సిందే," అన్నారు. బస్సు నడిపేవాళ్ల సలహా కదా, తీసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పనిముట్ల సంచి భుజాన వేసుకుని లాండ్రీ మెట్లెక్కాను. మైనం, స్పిరిట్ దీపం, చిన్న కత్తి, చేతి డ్రిల్లు, పళ్ల చిగుళ్లకి వాడే గులాబిరంగు పొడి, దాన్ని గట్టిపరిచే ఘాటు ద్రవం, అన్నీ వేసుకున్నాను. అలవాటు చొప్పున నా క్లారినెట్ పెట్టె కూడా రెండో చేతిలోకి వచ్చేసింది.

ఆ గది నాకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. కింద లాండ్రీలో వేణ్నీళ్లు మరుగుతుంటాయి కాబట్టి నేలచెక్కల సందుల్లోంచి పల్చటి ఆవిరి పైకి వస్తూ ఉంటుంది. సబ్బు వాసన, ఉతికిన దుప్పట్ల వాసన. కిటికీ అద్దాలు ఎప్పుడూ మసకగా ఉంటాయి, బయట వీధి ఉందో లేదో తెలియదు. ఇస్త్రీపెట్టెల చప్పుడు దూరం నుంచి వచ్చే అడుగుల్లా వినబడుతుంది. అక్కడ కూర్చుంటే నాకు వయసు గుర్తుండదు. రెండేళ్లుగా వారానికి ఒక గంట నేను ఏడేళ్ల పిల్లనే.

మాస్టారు తలుపు తీశారు. కొత్త పళ్లు పెట్టుకోలేదు. పై పెదవి లోపలికి పోయి, మనిషి ఒక్క వారంలో ముసలివారైపోయారు. క్లారినెట్ పెట్టె మంచం కిందికి నెట్టేసి ఉంది.

"నువ్వా. రా. చెబుదామనే అనుకుంటున్నాను," అన్నారు. పళ్లు లేక మాటలు మెత్తగా వస్తున్నాయి. "డెబ్బై దాటాయి కదమ్మాయ్. ఊపిరి అయిపోయింది. ఎవరికైనా ఒకరోజు అయిపోవాల్సిందేగా."

వారం రోజులు ఈయన ఇదే అనుకుంటూ ఈ గదిలో ఒక్కరే కూర్చున్నారన్నమాట.

"మీ ఊపిరికేం కాలేదు మాస్టారూ. తప్పు నాది," అని మొత్తం చెప్పేశాను. చీటీ సంగతి, వంకర సంగతి, అందంగా ఉంటారని అనుకున్న సంగతి.

ఆయన విన్నారు. విన్నాక చాలాసేపు మసక కిటికీ వైపు చూశారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"డెబ్బై ఒక్కో ఏట నాకు అందం తెచ్చిపెట్టావా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా నోట్లోనే జరగాలా," అన్నారు. నవ్వు ఆగిపోయింది. "రెండేళ్లుగా నా ఎదురుగా కూర్చుంటున్నావు. పై పళ్లు ఎక్కడ ఆనిస్తానో, ఆ పట్టు దగ్గర స్వరం ఎలా పుడుతుందో నీకు చూపించానా లేదా? ఇంకెవరైనా చేస్తే తెలియక చేశారనుకుంటాను. నువ్వు చేశావంటే ఏమనుకోను?"

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టరు, అడుగుతారు.

"పాత అచ్చు ఉందా?" అన్నారు కాసేపటికి.

లేదు. ప్రతి శుక్రవారం పనైపోయిన అచ్చులన్నీ సుత్తితో పగలగొట్టి పారేస్తాం, లేకపోతే ల్యాబ్‌లో నిలబడ్డానికి చోటుండదు. మాస్టారి పాత నోటిని నా చేతుల్తో నేనే పగలగొట్టాను. ఆ వంకర ఎంత, ఏ పక్కకి, ఎంత ముందుకి, కళ్లు మూసుకుంటే కనబడుతుంది కానీ కంటి గుర్తుతో చేసే పని కాదు ఇది. వెంట్రుకంత తేడా వచ్చినా మళ్లీ గాలే.

అప్పుడు తట్టింది నాకు. "మాస్టారూ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి," అన్నాను.

క్లారినెట్ పైభాగాన నోట్లో పెట్టుకునే నల్లటి మౌత్‌పీస్ ఉంటుంది. దాని కింది పక్క రీడు, అంటే ఊదితే అదిరే పల్చటి బద్ద, పై పక్క ఏటవాలు. ఆ ఏటవాలు మీద పై పళ్లు ఆనతాయి. నలభై ఏళ్లు రోజూ ఆనితే ఎంత గట్టిదైనా అరుగుతుంది కదా. మాస్టారి మౌత్‌పీస్ మీద రెండు గుంటలున్నాయి. రెండేళ్లుగా వారం వారం చూస్తున్నవే. చూసీ చూడనట్టు ఉండిపోయాను.

దీపం వెలిగించి, మైనం మెత్తబరిచి, ఆ గుంటల మీద వేలితో నొక్కాను. చల్లారాక ఊడదీసి వెలుతురుకి పెట్టాను. ఎడమవైపు ముద్ర ఎత్తుగా, ఏటవాలుగా, సరిగ్గా ఆ వంకర. పగలగొట్టేశాననుకున్న పన్ను నా అరచేతిలోకి తిరిగి వచ్చింది. పట్టలేనంత సంతోషమేసింది.

అంతలో ఇంకొకటి కనబడింది. ఆ ఎత్తైన ముద్రల పక్కనే, కొంచెం లోపలికి, సన్నగా మరో జత ఉంది. మాస్టారివి కావు. పళ్లు చిన్నవి, దవడ ఇరుకు. రెంటి మధ్య సందు ఉంది. ఒకదాని మూల విరిగింది.

"మీకన్నా ముందు దీన్ని ఎవరు వాయించారు?"

"పాతది కొన్నాను," అన్నారు మాస్టారు, నా ప్రశ్న పూర్తయ్యీ కాకుండానే. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు. "ముందు నా పన్ను సంగతి చూడమ్మాయ్."

చూశాను. సెట్టులోంచి ఆ పన్నుని తొలిచి తీసి, మైనపు ముద్రతో సరిపోల్చి, దాని పాత వంకరలో నిలబెట్టి, పొడి, ద్రవం కలిపి చుట్టూ పోశాను. గట్టిపడేవరకు గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి. ఘాటు వాసన, సబ్బు వాసన కలిసి గది నిండా అదోరకం మత్తుగా ఉంది. మాస్టారు కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆయన వేళ్లు మోకాళ్ల మీద కదులుతున్నాయి. పాట. చప్పుడు లేని పాట. నాకు వేళ్లు చూస్తే తెలుస్తుంది కదా, లోపల వింటూ కూర్చున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదో ముక్క తర్వాత నాకు తెలియని కదలిక, అదే తొమ్మిది అయుంటుంది. తర్వాత వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదటి ముక్క. ఆవిరిలో అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ తొమ్మిది దగ్గర ఆగి వెనక్కి వెళ్లారు. అలసిపోయారేమో అనుకున్నాను.

సెట్టు నోట్లో అమర్చాను. వంకర పన్ను వంకరగానే ఉంది. మాస్టారు అద్దం చూసుకోలేదు. క్లారినెట్ అందుకుని, పళ్లు ఆనించి, కళ్లు మూసుకుని ఊదారు.

స్వరం వచ్చింది.

ఎలా వచ్చిందో చెప్పడం నాకు చేతకాదు. మొదట బొంగురుగా, ఇల్లు మర్చిపోయినవాళ్లు గుమ్మంలో తచ్చాడినట్టు వచ్చింది. ఆ తర్వాత గుర్తుపట్టింది. మొదటి ముక్క, రెండోది, మెట్లు, మేడ. కింద ఇస్త్రీ చప్పుళ్లు ఆగిపోయాయి. ఆవిరి నెమ్మదిగా పైకి వస్తూనే ఉంది. నేను కిటికీ కింద చల్లటి నేల మీద ఉన్నాను, అమ్మ ఇంకా పిలవలేదు, దీపాలు ఇంకా పెట్టలేదు. ఎనిమిదో ముక్క దాటి తొమ్మిదో దాంట్లోకి వెళ్లారు. మేడ మీంచి గాలిలోకి చెయ్యి చాపినట్టుంది అది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయని చుబుకం తడిశాక తెలిసింది.

"తీసుకో నీది," అన్నారు మాస్టారు. "తొమ్మిదోది పట్టుకో."

ఆయన వాయించడం, నేను వాయించడం. అరగంట పట్టింది. ఎప్పుడూ రెండు మూడు నెలలు తిప్పించేవారు, ఆ రోజు మాత్రం నాలుగోసారికే తలూపారు. నాకు ఆశ పుట్టింది. ఆశ పుడితే నా నోట్లో నువ్వుగింజ నానదు.

"మాస్టారూ, పదోది కూడా ఒక్కసారి వినిపించండి. నేర్చుకోను. ఊరికే వింటాను."

ఆయన రీడు విప్పి గుడ్డతో తుడిచారు. తుడిచిందే తుడిచారు.

"లేదమ్మాయ్."

"వచ్చే వారమా?"

"వచ్చే వారమూ లేదు. నాకు వచ్చింది తొమ్మిదే."

నేను నవ్వాను. ఎగతాళి అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నీ చిన్నప్పుడు ఆ సందులో వాయించింది నేను కాదు. మా అక్క. రెండేళ్ల కిందట నువ్వొచ్చి ఆ పాట కూనిరాగం తీశావు చూడు, ఆ వాయించింది నేనే అని నువ్వే అనుకున్నావు. కాదని చెప్పాలనుకుంటూనే ఒక వారం గడిపేశాను. తర్వాత ఇంకో వారం. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు."

క్లారినెట్ వాళ్ల నాన్నది. నాన్న తర్వాత అక్కది. అక్క తమ్ముడికి వారానికో ముక్క నేర్పేది, కాగితం లేకుండా, నోటితో పాడకుండా. తొమ్మిది అయ్యాక తమ్ముడికి ఒక అవకాశం వచ్చింది. నది మీద తిరిగే పెద్ద పడవలో వాయించే బృందంలో ఒకరికి జబ్బు చేసింది, వారం రోజులకి మనిషి కావాలన్నారు.

"ఒక్క వారానికి ఇవ్వక్కా అన్నాను. ఇచ్చింది. శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, పట్టీ బిగించి ఇచ్చింది. వారం కాస్తా నెలైంది, నెల కాస్తా ఆరేళ్లు. పేరొచ్చింది, చప్పట్లొచ్చాయి, అక్క గుర్తురాలేదు. గుర్తొచ్చినప్పుడు సిగ్గేసి ఇంకా దూరం వెళ్లాను. చివరికి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తలుపు ఓరగా తీసి చూసింది. 'నా చేతులకి వేరే పని అలవాటైంది, నువ్వే ఉంచుకో' అంది. తలుపు వేసేసింది. ఆ తర్వాత మాకు మాటల్లేవు. ఈ ఊళ్లోనే ఉంటుంది."

నాకు కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

"మరి నాకు పన్నెండు ముక్కలని ఎందుకు చెప్పారు? రెండేళ్లు నేను ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ బతికాను మాస్టారూ."

"పన్నెండే. అక్క చెప్పింది." ఆయన గొంతు మరీ చిన్నదైపోయింది. "ఆరోజు గాలి మాత్రమే వచ్చింది చూడు, ముందు భయమేసింది. ఆ తర్వాత, నిజం చెబుతున్నాను, హాయిగా అనిపించింది. ఇక నీకు చెప్పక్కర్లేదు కదా అని."

పన్ను వంకర తీసి నేను చేసిన తప్పు ఎంత, ఈయన చేసింది ఎంత అని తూకం వేసుకుంటూ నిలబడ్డాను. తూకం తేలలేదు. ఎదురుగా వంకర పన్నుతో ఒక ముసలాయన తల దించుకుని కూర్చున్నారు, అంతే.

"లేవండి. ఆవిడ దగ్గరికి వెళ్దాం," అన్నాను.

"నేను రాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? నన్ను బలవంతం చెయ్యకు."

మెట్లు దిగాను. సంచిలో ఆ మైనపు ముద్ర ఉంది.

ల్యాబ్‌కి వచ్చేసరికి అయిదు. మర్నాటి పని ఒకటి బల్ల మీద ఎదురుచూస్తోంది. మాస్టారి పళ్లు తీసిన డాక్టరుగారు మధ్యాహ్నం పంపిన అత్యవసరం పని. పళ్లు తీసిన వెంటనే పెట్టే సెట్టు అది. అలాంటిదానికి అచ్చు మీది పళ్లని నేను ముందే రంపంతో కోసేసి, ఖాళీ అయిన చోట కొత్తవి అమరుస్తాను. పేషెంటు కుర్చీలోంచి లేచేసరికి కొత్త పళ్లు సిద్ధంగా ఉండాలి. ఏడుపు దిగమింగి ఏప్రాన్ కట్టుకున్నాను. ఎడమ చేత్తో అచ్చు పట్టుకుని, రంపం ఆనించాను.

ఆనించి ఆగిపోయాను.

చిన్న పళ్లు. ఇరుకు దవడ. ముందు రెంటి మధ్య సందు. ఒకదాని మూల విరిగింది.

సంచిలోంచి మైనం తీసి ఆ పళ్ల పక్కన పెట్టాను. మూలకి మూల సరిపోయింది. ఇందులో మాయేం లేదు, ఒక తల్లి పిల్లల చిగుళ్లు ఒకలాగే ఉంటాయి, ఒక వయసుకే పాడవుతాయి. ఊళ్లో కట్టుడు పళ్లు చేసేది నేనొక్కదాన్నే, ఎవరి నోరైనా నా బల్ల మీదికే రావాలి. స్టూలు మీద కూలబడి చీటీ చదివాను. పై పళ్లన్నీ రేపు పదకొండింటికి తీస్తాం. సెట్టు పదిన్నరకి అందాలి. పేషెంటు కోరిక: ముందు పళ్ల మధ్య సందు మూసెయ్యాలి, విరిగిన మూల కనబడకూడదు.

రంపం బల్ల మీద పెట్టేశాను. సందు మూసెయ్యమన్నది డాక్టరు కాదు. ఆవిడే, మాస్టారి అక్కే. ఇక వాయించే పని లేదనుకున్నట్టుంది.

చీటీ కింద ఫోన్ నంబరుంది. పళ్ల రంగు పోల్చడానికి పేషెంటుని పిలవాల్సి వస్తుందని రాస్తారు. నొక్కాను. నాలుగు రింగులయ్యాక ఒక పెద్దావిడ గొంతు, పొడిగా, "ఎవరు?" అంది.

"పళ్ల ల్యాబ్ నుంచండీ," అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలి? మీ తమ్ముడు పంపాడనా? ఆయన పంపలేదు. నేను ఏడేళ్ల పిల్లనండీ, మీ కిటికీ కింద నిద్రపోయేదాన్నండీ అనా? "ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అని ఫోన్ అచ్చు పక్కన పెట్టి, నా క్లారినెట్ బిగించాను. ప్లాస్టర్ దుమ్ము మధ్య నిలబడి, కళ్లు మూసుకుని, తొమ్మిదో ముక్క వాయించాను. రెండుచోట్ల కీచుమంది. చివరిదాకా వెళ్లాను.

ఫోన్ తీసి మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను. పెట్టేశారేమో అనుకున్నాను. తర్వాత ఊపిరి వినబడింది.

"చివరి స్వరం అది కాదు," అంది ఆవిడ.

నేను ఫోన్ గట్టిగా చెవికి ఆనించుకున్నాను.

"చివర కిందికి దిగాలి. నువ్వు పైనే వదిలేశావు. వాడూ అంతే. ఎన్నిసార్లు చెప్పినా పైనే వదిలేసేవాడు. అక్కడ దిగితేగాని పదోది మొదలవదు."

"ఎలా దిగాలండీ?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"నోటితో చెబితే వచ్చేది కాదు. వాయించి చూపించాలి." మళ్లీ అదే పొడి గొంతుతో అంది: "నా పళ్లు రేపు పదకొండింటిదాకే ఉంటాయి. ఆలోపు నా క్లారినెట్ నా గుమ్మంలో ఉండాలి. పట్టుకొచ్చేది నువ్వు కాకూడదు."